తాడు కట్టే బండ ఎవరిది

హైలైన్ అనే మాట మన పెద్దలకు తెలియదు గానీ, మన పిల్లలు ఎక్కడో ఒకచోట ఫోన్‌లో చూసే ఉంటారు. రెండు బండల మధ్య సన్నటి పట్టీ కట్టి ఉంటుంది. కింద లోయ. ఒక మనిషి చేతులు పైకెత్తి, ఊగుతూ, తమాయించుకుంటూ దాని మీద ఈ బండ నుంచి ఆ బండకు నడుస్తాడు. దొమ్మరివాళ్ళ చేతిలో ఉండే పొడుగు గడ కూడా ఉండదు. మా ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి పిల్లలకు నా ఫోన్‌లో ఇలాంటిది ఒకటి చూపించాను. పడితే ఏమవుతుందని అడుగుతారనుకున్నాను. ముందు బెంచీ పిల్ల అడిగింది వేరే. "సార్, అటు కొస ఎట్ల కట్టిండ్రు?"

ఆ పిల్ల చెంచు పిల్ల కాబట్టి ఆ ప్రశ్న అడిగిందని నా నమ్మకం. మా పెంటల్లో తాడు అంటే దిగేవాడి గురించి ఎవరూ ముందుగా అడగరు, పట్టుకునేవాడి గురించి అడుగుతారు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పాలి. అందుకోసం నేను కొన్నాళ్ళు చదివి, తెలిసినవాళ్ళను అడిగి రాసుకున్నదే ఇది.

అటు కొస కట్టడమే ఈ పనిలో అసలు కష్టం. నడక అయిదు నిమిషాలైతే, కట్టడం ఒక్కోసారి రెండు మూడు రోజులు. ముందుగా సన్నటి దారం ఒకటి అవతలి బండకు చేరాలి. దగ్గరైతే బరువు కట్టి విసురుతారు. దూరమైతే ఇప్పుడు డ్రోన్‌తో పంపుతున్నారు. లేదంటే ఒకరు దారం పట్టుకుని లోయలోకి దిగి అవతల ఎక్కాలి. దారం చేరాక దానికి ఇంకొంచెం లావు తాడు కట్టి లాగుతారు, దానికి ఇంకా లావుది. చివరికి అసలు పట్టీ వెళుతుంది. నైలాన్‌తోనో పాలియెస్టర్‌తోనో నేసిన పట్టీ, ఇంచుమించు అంగుళం వెడల్పు. ఒక్కటే కాదు, దాని కింద ఇంకొకటి వదులుగా వెళుతుంది. పైది తెగితే కిందది ఆపాలి. నడిచేవాడి నడుముకు ఉన్న పట్టా నుంచి ఒక తాడు వచ్చి రింగులకు కట్టి ఉంటుంది. ఆ రింగులు రెండు పట్టీలనూ చుట్టి, మనిషితోపాటు జారుతూ వస్తాయి. పడితే కింద వేలాడతాడు, మళ్ళీ ఎగబాకి పైకి కూర్చుంటాడు. అంటే వీడియోలో కనబడినంత తెగింపు కాదు, చాలా లెక్క ఉన్న పని.

కొసలు కట్టేది బండకు. పెద్ద గుండు ఉంటే దాని చుట్టూ బలమైన పట్టీ వేసి కడతారు. గుండు లేకపోతే డ్రిల్లుతో బండకు రంధ్రాలు పెట్టి, పొడి ఊది, ఇనప బోల్టులు దిగ్గొడతారు. ఒక్క బోల్టును ఎవరూ నమ్మరు. మూడో నాలుగో వేసి బరువు అన్నిటికీ సమానంగా పడేలా కడతారు. రంధ్రం పెట్టే ముందు సుత్తితో బండను తట్టి వింటారు. గట్టి బండ ఖంగుమంటుంది, లోపల విడిపోయిన బండ డొల్ల చప్పుడు చేస్తుంది. ఇది చదివినప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. తేనెకు పోయినప్పుడు ఆయన రాయి తీసుకుని బండను తట్టి, చెవి ఆనించి వినేవాడు. ఆయన ఏ శిక్షణకూ పోలేదు.

పట్టీని ఎంత బిగించాలి అన్నది తరగతిలో మాకు మంచి లెక్క అయింది. 40 మీటర్ల పట్టీ మధ్యలో 60 కిలోల మనిషి నిలబడ్డాడు, పట్టీ 1 మీటరు కిందికి దిగింది అనుకోండి. ఒక్కో కొసన పడే లాగుడు 60 కిలోలు కాదు, సగం కాబట్టి 30 కిలోలూ కాదు. సుమారు 600 కిలోల బరువంత! అదే పట్టీని వదులు చేసి 2 మీటర్లు దిగనిస్తే లాగుడు 300కి తగ్గుతుంది. మనిషి బరువును పొడవుతో గుణించి, దిగిన లోతుకు నాలుగింతలతో భాగిస్తే చాలు. పిల్లలు మొదట నమ్మలేదు. హాస్టల్ వెనక బట్టలు ఆరేసే తీగ చూపించాను. తీగను బిర్రుగా లాగి కట్టిన రోజు తడి దుప్పటి వేస్తే గుంజ ఒరిగింది. వదులుగా కట్టిన రోజు ఒరగలేదు. అప్పుడు నమ్మారు. బిగువు ఎక్కువైతే బలం ఎక్కువ అనుకుంటాం గానీ, ఆ బిగువు భరించేది కొస. బీఈడీ వాళ్ళు మా డిప్లొమా వాళ్ళను కొంచెం తక్కువగా చూస్తారు కానీ, గుంజతో లెక్క చెప్పడం మాకు టీటీసీలోనే నేర్పారు.

ఇక తేనె తాడు సంగతి. నల్లమలలో పెద్ద తేనెటీగలు నిట్టనిలువు కొండచరియల కింద, మనిషి చెయ్యి అందని చోట తేనెపట్లు పెడతాయి. ఏటేటా అదే బండకు తిరిగి వస్తాయి. మావాళ్ళు అడవి తీగలతో, నారతో తాడు పేని, పైన చెట్టుకు కట్టి, చీకట్లో పొగ పెట్టుకుంటూ దిగుతారు. పైన తాడు దగ్గర ఒక మనిషి ఉంటాడు. అతను దిగినవాడి బావమరిది అయ్యుండాలి. సొంత అన్నదమ్ముడికైనా ఆ కొస ఇవ్వరు. కారణం మా ముసలివాళ్ళు నవ్వుతూ చెప్తారు గానీ అది నవ్వులాట కాదు. తాడు జారితే ముండమోసేది బావమరిది తోబుట్టువు. తన చెల్లెలి బతుకు ఆ తాడు మీద ఉందని తెలిసినవాడు చెయ్యి వదలడు. బండ అంచు తాడును కొయ్యకుండా ఆకుల మోపు పెట్టేదీ అతనే, కిందివాడు తాడు కదిపితే ఆ సైగను చేతితో వినేదీ అతనే. పట్టులో ఆయన వాటా ఆయనకు ఉంటుంది. కొంత తేనె బండ మీదే వదిలేస్తాం. మళ్ళీ ఏడాది ఈగలు రావాలి కదా.

ఈ రెండు తాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపించింది. హైలైన్ మీద నడిచినవాడి పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. మా తాడు మీద దిగినవాడి పేరు, పట్టుకున్నవాడి పేరు రెండూ పెంటలో చెప్పుకుంటారు. "ఫలానా బండకు ఫలానావాడు దిగిండు, ఫలానావాడు పట్టిండు" అని.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఈ ఆట ఎక్కడ పుట్టిందో చెప్పాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో యోసెమిటీ అనే లోయ ఉంది. కొండలెక్కేవాళ్ళకు అది తీర్థం లాంటిది. 1970ల చివర అక్కడ క్యాంపుల్లో ఉండే యువకులు ఖాళీ వేళల్లో గొలుసుల మీద, తాళ్ళ మీద నడిచేవాళ్ళు. ఆడమ్ గ్రోసోవ్‌స్కీ, జెఫ్ ఎల్లింగ్టన్ అనే ఇద్దరు చదువుకునే పిల్లలు తాడుకు బదులు కొండలెక్కడానికి వాడే చదును పట్టీని కట్టి నడవడం మొదలుపెట్టారు. అక్కడే లాస్ట్ యారో స్పైర్ అనే బండ ఉంది. ఆ పేరుకు 'పోయిన బాణం' అని అర్థం. కొండగోడ నుంచి విడిపడి సూదిలా నిలబడ్డ బండ అది. 1946లో నలుగురు దాని నెత్తి మీదుగా తాడు విసిరి, ఆ తాడు పట్టుకుని పైకి చేరారు. 1985లో స్కాట్ బాల్కమ్ అనే అతను కొండ అంచుకూ ఆ సూదికీ మధ్య సుమారు 17 మీటర్ల పట్టీ కట్టి నడిచాడు. కింద లోయ 800 మీటర్లకు పైనే. అంతకుముందు వంతెనల కింద ఒకరిద్దరు నడిచినా, రెండు బండల మధ్య హైలైన్ అంటే ఇప్పటికీ అందరూ ముందు చెప్పేది దాన్నే. అతను ఏడాది ముందు కూడా ప్రయత్నించి వెనక్కి వచ్చాడు, మళ్ళీ వచ్చి నడిచాడు. దానికి నేను చేతులెత్తి దండం పెడతాను. నా వల్ల ఈ జన్మలో కాదు.

కానీ మన పిల్లలు ఆ లోయ చరిత్రను 1985 నుంచో 1946 నుంచో చదివితే సరిపోదు. ఆ లోయకు అవానీ అని పేరు. అందులో ఉన్నవాళ్ళు అవానీచీలు. బంగారం కోసం వచ్చిన తెల్లవాళ్ళు వాళ్ళ అడవి మీద పడ్డారు, గొడవలు ముదిరాయి. 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వాళ్ళను వెళ్ళగొట్టడానికి లోయలోకి దిగింది. వాళ్ళ పెద్ద పేరు టెనాయా. ఆయన ముగ్గురు కొడుకుల్ని ఒక కొండ దగ్గర పట్టుకున్నారు. ఆ కొండకు అప్పుడే 'ముగ్గురన్నదమ్ములు' అని ఇంగ్లీషులో పేరు పెట్టారు. పట్టుబడ్డవాళ్ళలో చిన్న కొడుకును కాల్చి చంపారు. ఆ తర్వాత పైనున్న ఒక సరస్సు దగ్గర ఆ దళంలోని వైద్యుడు టెనాయాతో, దీనికి నీ పేరు పెడుతున్నాం అన్నాడట. గౌరవం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. దీనికి ఇదివరకే పేరుంది అన్నాడట టెనాయా. ఆ పేరు పైవియాక్, మెరిసే బండలు అని అర్థం. ఈ సంగతి రాసిపెట్టింది ఆ వైద్యుడే. అయినా పటంలో ఇప్పటికీ టెనాయా సరస్సు అనే ఉంది.

1890లో ఆ చుట్టుపక్కలంతా జాతీయ పార్కు అయింది. లోయలో మిగిలిన ఆదివాసీల చివరి గ్రామాన్ని 1969లో పార్కువాళ్ళు ఖాళీ చేయించి ఇళ్ళు తీసేశారు. అదే లోయలో కొండలెక్కేవాళ్ళు గుడారాలు వేసుకునే క్యాంప్ ఫోర్ అనే చోటును 2003లో చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. ఆ గ్రామం ఉన్నచోట తమ గృహాలు మళ్ళీ కట్టుకోవడానికి అక్కడి మివుక్ జాతి వాళ్ళకు 2018లో పార్కుతో ఒప్పందం కుదిరింది. పెద్దపులుల కోసం ఊళ్ళు ఖాళీ చేయండి అన్న మాట విన్న మన పెంటల పిల్లలకు ఇందులో నేను విడమరిచి చెప్పాల్సింది ఏమీ లేదు.

ఇంకొకటి. స్వీడన్ ఉత్తరాన మంచు కొండల మధ్య 2021లో జర్మనీ యువకులు 2,130 మీటర్ల హైలైన్ కట్టి నడిచారు. రెండు కిలోమీటర్ల పైన! నడిచేవాడికి అవతలి కొస కనబడదు. ఆ చోటును ప్రపంచం లాపోర్టెన్ అంటుంది, అంటే లాపుల ద్వారం. అక్కడ రెయిన్‌డీర్లను మేపుకునే ఆదివాసులు తమను తాము సామీలు అనుకుంటారు. లాప్ అనేది బయటివాళ్ళు పెట్టిన పేరు, వాళ్ళకు తిట్టులా వినిపిస్తుంది. ఆ లోయకు వాళ్ళ భాషలో పెద్దబాతుల లోయ అని పేరు ఉంది. నడిచిన యువకుల తప్పు ఏమీ లేదు, పటంలో ఉన్న పేరే వాళ్ళు చెప్పారు. నేను అనేది పటం గురించి.

అడిగితే ఆగినచోట్లు కూడా ఉన్నాయి. అమెరికాలోనే టాహో సరస్సు ఒడ్డున కేవ్ రాక్ అనే బండ వాషో జాతివాళ్ళకు పవిత్రం. మామూలు మనుషులు దాని దగ్గరికి పోకూడదని వాళ్ళ కట్టుబాటు. కొండలెక్కేవాళ్ళు దానికి బోల్టులు కొట్టి, అక్కడ ఎక్కడం కష్టమని పేరు తెచ్చుకున్నారు. వాషోలు పోరాడారు. 2003లో ప్రభుత్వం అక్కడ ఎక్కడం నిషేధించింది. ఎక్కేవాళ్ళ సంఘం కోర్టుకు పోతే 2007లో అప్పీలు కోర్టు కూడా నిషేధం సరైనదే అంది. తర్వాత బోల్టులు పీకించేశారు. ఆస్ట్రేలియాలో ఉలూరు మీదికి ఎక్కడం 2019 అక్టోబరులో ఆగిపోయింది. దాని సొంతదారులైన ఆనంగులు ఎన్నో ఏళ్ళు మర్యాదగా బోర్డు పెట్టి అడిగిన తర్వాత.

ఇదంతా నేను ఎందుకు చదవాల్సి వచ్చిందంటే, మా దగ్గరికీ ఈ పట్టీ వచ్చింది. నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి ఇప్పుడు ట్రెక్కింగుకు వచ్చేవాళ్ళకు దారి చూపే పని చేస్తాడు. వాడి ద్వారా పట్నం నుంచి ఒక బృందం వచ్చింది. కృష్ణ వైపు దిగే ఒక వాగు మీద ఎదురెదురుగా రెండు బండలున్నాయి, వాటి మధ్య లైను కడతామన్నారు. నల్లమలలో ఇదే మొదటిది అవుతుంది, పేరు కూడా అనుకున్నాం అన్నారు. పేరు ఇంగ్లీషులో ఉంది. పిల్లలు మంచివాళ్ళే, మాట మర్యాదగానే ఉంది. కాకపోతే మమ్మల్ని అడగడానికి వచ్చేసరికే ఒక బండ నెత్తి మీద రంగుతో గుర్తులు వేసి, రెండు రంధ్రాలు పెట్టి ఉన్నారు. యురేనియం కోసం మా కొండల్లో రంధ్రాలు వేస్తారన్న మాట మీద 2019లో ఊళ్ళకు ఊళ్ళు రోడ్డెక్కినవాళ్ళం మేము. బండకు రంధ్రం అంటే మావాళ్ళకు అరికాలు మండుతుంది. అది ఇది ఒకటి కాదని చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

పెంటలో కూర్చున్నాం. మా మామ ఒకాయన, డెబ్బై దాటినవాడు, వాళ్ళు చెప్పింది అంతా విన్నాడు. బోల్టులు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బరువు ఎంత ఆపుతుందో చెప్పించుకున్నాడు. అంతా అయ్యాక, "బాగనే ఉంది బిడ్డా. కొస ఎవరు పడ్తరు?" అన్నాడు. మనిషి పట్టుకునే పని లేదు తాతా, ఈ బోల్టులే పట్టుకుంటాయి అన్నారు. "ఈ మేకుకు అక్కచెల్లెండ్లు ఉన్నరా?" అన్నాడు మామ. పెంట పెంటంతా నవ్వింది. వాళ్ళకు అర్థం కాలేదు. మా అబ్బాయి విడమరిచి చెప్పాక వాళ్ళలో ఒకమ్మాయి పుస్తకం తీసి రాసుకుంది. ఆ పిల్లే తర్వాత అసలు ప్రశ్న అడిగింది. ఆ బండకు ఈగలు ఏ నెలలో వస్తాయి అని.

అందులో పెద్ద ప్రమాదం ఉంది. రంధ్రాలు పెట్టిన బండ కడుపున ఏటా తేనెపట్లు పడతాయి. ఆ బండ మీద డ్రిల్లు మోగితే, పట్టీ గాలికి కొట్టుకుని రొద చేస్తే పెద్ద తేనెటీగలు ఊరుకోవు. నేల మీద ఉన్నవాడు పరిగెత్తి పొదలో దూరతాడు. పట్టీ మధ్యలో నడుముకు తాడుతో వేలాడేవాడు ఎక్కడికి పోతాడు? అతన్ని ఆపి ఉంచిన తాడే అతన్ని కదలనివ్వదు. ఇది విన్నాక ఆ బృందం ముఖాలు మారాయి. వాళ్ళ దగ్గర లాగుడు లెక్కలన్నీ ఉన్నాయి, గాలి లెక్క ఉంది, ఈగల లెక్క ఒక్కటే లేదు.

మా అబ్బాయికి మాత్రం నా మీద కోపం వచ్చింది. "సార్, మీరే బడిలో వీడియో చూపిస్తరు, మీరే ఇక్కడ అడ్డం పడ్తరు. మనోళ్ళు ఎన్నాళ్ళు సామాను మోసుడు? నేను గూడ నడుస్త" అన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. 2014లో మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. లంబాడా కూలీల బిడ్డ, గురుకులంలో చదివిన పిల్ల. మొదట బండలెక్కడం నేర్చుకుంది భువనగిరి గుట్ట మీద. మనవాళ్ళు తాడు పట్టుకుంటే ఎంతదూరం పోగలరో ఆ పిల్ల చూపించింది. మా పిల్లలు దారి చూపించి కూలి తీసుకునేవాళ్ళుగా, పట్నం పిల్లలు నడిచి పేరు తెచ్చుకునేవాళ్ళుగా ఉండిపోతే నాకూ ఇష్టం లేదు. అందుకే వాడితో వాదించలేదు. నేర్చుకో అన్నాను. వాడు రెండు విడతలు భువనగిరి పోయి తాడుపని నేర్చుకుని వచ్చాడు. బడి ఆవరణలో రెండు చింతచెట్ల మధ్య మోకాలి ఎత్తున పట్టీ కట్టాడు, చెట్టు బెరడు కోసుకుపోకుండా గోనెసంచి చుట్టి మరీ. ఇప్పుడు సాయంత్రం ఆటల గంటలో దాని దగ్గర వరస ఉంటుంది. ముందు బెంచీ పిల్ల పదకొండు అడుగులు వేస్తుంది. నేను రెండు.

పెంటలో కూర్చుని మొత్తానికి తేల్చింది ఇది. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం తేనె సేకరణ మా హక్కు, ఆ బండలు మా సేకరణ హద్దులోవి, కాబట్టి గ్రామసభ మాట లేకుండా అక్కడ ఏమీ కట్టకూడదు. పులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి ఎటూ కావాలి, అది తెచ్చుకునే పని ఆ బృందానిదే. తేనె బండ జోలికి రావద్దు, పెట్టిన రెండు రంధ్రాలు పూడ్చాలి. పూడ్చారు కూడా, బండ రంగు కలిసేలా పొడి కలిపి. వాగుకు పైన ఇంకో జత బండలున్నాయి, ఈగలు పెట్టవు. వాటి నెత్తి మీద పెద్ద గుండ్లున్నాయి, చుట్టూ పట్టీ వేసి కట్టుకోవచ్చు, డ్రిల్లు అక్కర్లేదు. ఈగలు లేచిపోయాకే కట్టాలి.

పేరు సంగతి కొంచెం ఆలస్యంగా వచ్చింది. వాళ్ళు పెట్టాలనుకున్న ఇంగ్లీషు పేరు వద్దని ఎవరూ అనలేదు. ఆ బండలకు పేర్లున్నాయి, అవి కూడా రాయండి అన్నారంతే. ఏం పేర్లు అని అడిగితే ఆడవాళ్ళు ఒకటి, మగవాళ్ళు ఒకటి చెప్పారు. పెద్ద జగడమే అయింది. ఆడవాళ్ళకు అది గడ్డలు తవ్వే దారిలో దించుకునే చోటు, మగవాళ్ళకు వేటకు పొంచి కూర్చునే చోటు. అప్పటినుంచి మా ఏడో తరగతి పిల్లలు ఒక నోటుబుక్కు పెట్టారు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక్కో బండకు ఎవరు ఏ పేరు చెప్తే అది, చెప్పినవాళ్ళ పేరుతో సహా రాసుకొస్తున్నారు. ఇప్పటికి ముప్పై ఒక్క బండలయ్యాయి. కొన్నిటికి మూడేసి పేర్లు.

అటవీశాఖ నుంచి జవాబు ఇంకా రాలేదు. వస్తే కట్టేటప్పుడు రెండు కొసల దగ్గరా మా పెంట మనుషులు ఇద్దరిద్దరు ఉండాలని, మా అబ్బాయి నడిచేవాళ్ళలో ఉండాలని ఒప్పుకున్నారు. కొస దగ్గర కూర్చునేవాళ్ళకు దారి చూపే కూలే ఇస్తామని ఆ బృందం అంటోంది. అది బావమరిది పని, వాటా కావాలి అంటున్నాడు మామ. అక్కడ ఆగి ఉంది.